టోక్యోలో బందరు గుడ్డ జాడలు

ఆదివారం

నరితలో దిగి కేయిసేయ్ రైలెక్కితే హిగాషి నిహోంబాషి దాకా సీటులోంచి లేచే పని లేదు. అక్కడ దిగి, నేల కిందే నడుచుకుంటూ బకురోయోకోయామా స్టేషన్‌కి మారాలి. షింజుకు లైన్లో అక్కణ్ణుంచి మూడో స్టేషన్ కికుకావా. పైకొచ్చేసరికి చీకటి పడింది. ఫిబ్రవరి చలి. మనవైపు మంచు తేమగా ఉంటుంది, ఇక్కడ చలి పొడిగా వచ్చి పెదాలు పగలగొడుతుంది. సూట్‌కేసు చక్రాల చప్పుడు తప్ప వీధిలో ఇంకో శబ్దం లేదు.

నేనుండే చోటు సుమిదా వార్డులోని తాతెకావా పేటలో. టోక్యో ఆర్ట్స్ అండ్ స్పేస్ వాళ్ళ రెసిడెన్సీ ఇది. అందరూ తోకాస్ అంటారు. టోక్యో మహానగర ప్రభుత్వం 2001లో టోక్యో వండర్ సైట్ పేరుతో మొదలుపెట్టింది, 2017లో ఈ పేరు పెట్టుకుంది. ప్రదర్శనలకి హోంగోలో యుద్ధానికి ముందు కట్టిన వేరే భవనం ఉంది. బయటి కళాకారులు బస చేసేది మాత్రం ఇక్కడే. ఒకే కప్పు కింద రకరకాల వాళ్ళుంటారు: నెలల తరబడి ఉండి కొత్త పని తయారుచేసేవాళ్ళు, వేరే దేశాల సంస్థలు పంపగా వచ్చినవాళ్ళు, క్యూరేటర్లు. నాది రిసెర్చ్ రెసిడెన్సీ. అంటే నగరంలో ఒక విషయాన్ని వెతకడానికొచ్చానన్నమాట. వెతకడమే పని.

మా అమ్మకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "బొమ్మలు వేయకపోతే గది ఎందుకిచ్చారే?" అంటుంది. ఆవిణ్ణి అనుకుని లాభం లేదు. మన దగ్గర ఆర్ట్ క్యాంపంటే నాలుగు రోజుల్లో కాన్వాసు పూర్తి చేసి, నిర్వాహకుల చేతిలో పెట్టి, శాలువా కప్పించుకుని రావడమే కదా. చదువుకోవడానికీ నలుగురిని అడిగి తెలుసుకోవడానికీ కళాకారుణ్ణి పిలిచి కూర్చోబెట్టడం మనకింకా అలవాటు కాలేదు.

సోమవారం

మ్యూజియాలకి సెలవు. పొద్దున్నే చేతిలో పెట్టిన మొదటి కాగితం చెత్త పట్టిక. కాలే చెత్త ఏ రోజు, సీసాలూ డబ్బాలూ ఏ రోజు అన్నీ అందులో ఉన్నాయి. రెండోది కోఆర్డినేటర్ గారితో మాట్లాడే సమయం.

నా ప్రశ్న ఆవిడ ముందు పెట్టాను. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు బందరులో కొఠీ పెట్టారు. అప్పుడు అది గోల్కొండ సుల్తానుల రేవు. జపాను తలుపులు మూసుకున్నాక యూరపు వాళ్ళలో ఒక్క డచ్చివాళ్ళకే నాగసాకి దగ్గర దెషిమా దీవిలో ఉండనిచ్చారు, 1641 నుంచి. మన కోస్తాలో కలంతో గీసిన గుడ్డలూ అచ్చుతో అద్దిన గుడ్డలూ, ఇప్పుడు మనం కలంకారీ అనేవి, డచ్చి ఓడల్లో ఇక్కడికి చేరాయి. వాటిని ఇక్కడ సరసా అన్నారు. మొదట వచ్చినవి ముక్కలు ముక్కలై పోయినా ఇంకా ఉన్నాయి. వాటిని చూసి ఇక్కడి అద్దకంవాళ్ళు తమ పద్ధతిలో తయారుచేసుకున్నవి అసలు ఆగనే లేదు. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందన్నది నాకు కావాలి.

ఆవిడ అంతా రాసుకుని ఒకే మాట అన్నారు: "మీరు చూడాలనుకుంటున్న వస్తువుల జాబితా ఇవ్వండి. ఒక్కోదాని పక్కన ఎందుకో రాయండి." ఆ "ఎందుకో" రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. "చూడాలనుంది" అంటే సరిపోదు. అంచు చూడాలా, నూలు పోగు చూడాలా, వెనకవైపు రంగు ఎంత దిగిందో చూడాలా చెప్పాలి. రాస్తున్నకొద్దీ నా ప్రశ్నలో సగం గాలేనని అర్థమైంది, మిగిలిన సగం గట్టిపడింది. ఆవిడ వాటిని జపనీస్ ఉత్తరాలుగా మార్చి సంస్థ పేరు మీద పంపారు. ఈ ఊళ్ళో నా పేరుకి తలుపు తీసేవాళ్ళెవరు? ఆ ఉత్తరానికి తీస్తారు. స్టూడియో గది కన్నా నాకు పనికొచ్చేది అదే.

అన్ని తలుపులూ తీయలేదు లెండి. ఒక ప్రైవేటు సేకరణ వాళ్ళు సాయంత్రానికల్లా ఎంతో మర్యాదగా "ప్రస్తుతం కాస్త కష్టం" అని జవాబు పంపారు. మళ్ళీ అడగొద్దని కోఆర్డినేటర్ గారు నవ్వుతూ చెప్పారు.

రాత్రి ఇక్కడి పార్లమెంటు గ్రంథాలయం (డైట్ లైబ్రరీ) వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన పాత పుస్తకం తిరగేశాను. 1778లో అచ్చయిన సరసా నమూనాల పుస్తకం అది. పువ్వులు, తీగలు, గళ్ళు. జపనీస్ అక్షరాల నడుమ మా పెడన వీధుల్లో ఆరేసిన దుప్పట్ల మీద ఉండే ఆకు వంపు కనబడితే కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

మంగళవారం

ఉయేనో. టోక్యో నేషనల్ మ్యూజియంలో హికోనె సరసా అనే సేకరణ ఉంది. హికోనె ప్రభువులైన ఈయి వంశం కూడబెట్టిన గుడ్డముక్కలు, 450 దాకా. అన్నీ ఒకేసారి బయటపెట్టరు. వెలుతురు తగిలితే రంగు పోతుందని కొన్ని కొన్ని మారుస్తూ తోయోకాన్ భవనంలో చూపిస్తారు.

ఈ ఈయి వంశంవాడే నవోసుకె. అమెరికాతో ఒప్పందానికి ఒప్పుకున్న పాలకుడు, 1860లో సకురాదా ద్వారం బయట మంచులో హత్యకి గురయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో కనిపించేది ఆ మనిషే. తేనీటి విద్యలోనూ పండితుడని చాలామందికి తెలియదు. మన గుడ్డ ఆ ఇంట్లో బతికింది ఆ విద్య పుణ్యమానే. పొడి టీ ఉంచే చిన్న కూజాకి గుడ్డసంచి కుడతారు. ఆ సంచికి బెత్తెడు ముక్క చాలు. సముద్రాలు దాటి వచ్చిన పాత సరసా అయితే దాని గౌరవమే వేరు. అందుకే ఇక్కడ ముక్కకే విలువ. మన ఊళ్ళో దుప్పటిగానో పరదాగానో వాడి, చిరిగాక మసిగుడ్డ చేసి పారేసిన సరుకుని వీళ్ళు కత్తిరించి, పెట్టెల్లో దాచి, తరతరాలు అందించుకున్నారు. బందరులో మూడొందల ఏళ్ళనాటి బందరు గుడ్డ చూపించమంటే ఎవరు చూపించగలరు?

అద్దం ముందు ఒక ముక్క దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎర్రటి నేల మీద చిన్న పువ్వులు, వాటి చుట్టూ సన్నని నల్లగీత. దగ్గరగా చూస్తే చాలాచోట్ల ఆ నల్లగీత లేదు. గీత ఉండాల్సిన చోట సన్నని చీలిక, దాని వెనక అట్ట తెల్లగా కనబడుతోంది. కసిమి చేసిన పని అది. ఇనుప ముక్కలు, బెల్లం కుండలో ఊరబెట్టి తీసే నీళ్ళు కసిమి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తగలగానే నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. ఎరుపు మాత్రం అలాగే ఉంది. నిజాంపట్నం దగ్గర ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుకి ఆ రోజుల్లో పెద్ద పేరు. పటిక అద్దిన చోటే పట్టుకుని మిగతా చోట కడిగితే పోయే ఎరుపు అది.

ఏ ముక్క మన తీరానిది, ఏది గుజరాత్ నుంచి వచ్చింది అన్నది కంటితో తేల్చేయడం అంత తేలిక కాదు. డచ్చివాళ్ళు రెండుచోట్లా కొన్నారు. "ఇది మాదే" అని గట్టిగా అనాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. పలకల మీద "భారతదేశం" అనే ఉంది. ఆ మాటలో తప్పు లేదు. కానీ మా కృష్ణా జిల్లా మనిషికి అంత పెద్ద పేరు కాస్త వదులు చొక్కాలా ఉంటుంది.

బుధవారం

కాలి దగ్గర ఉన్నది చూడకుండా ఊరంతా తిరగడం దేనికని ఇవాళ మా పేటలోనే తిరిగాను. టోక్యోని ఎదో అని పిలిచిన కాలంలో తాతెకావా కాలువ కలప పడవల దారి. ఇప్పుడు దాని నెత్తి మీద నుంచి ఎక్స్‌ప్రెస్‌వే పోతుంది. స్తంభాల నీడలో పిల్లలు బంతి ఆడుతున్నారు. చిత్రకారుడు హోకుసాయ్ పుట్టిందీ ఈ వైపే, 1760లో. ఫుజి కొండ దృశ్యాల వరసలో ఒకటి ఈ తాతెకావా కలప అడితే. పేర్చిన కర్రల సందులోంచి కొండ చిన్నగా తొంగి చూస్తుంది, కిందనుంచి ఒకడు కర్ర విసురుతుంటే పైన ఇంకొకడు అందుకోబోతుంటాడు. ఆయన పేరు మీద 2016లో తెరిచిన మ్యూజియం నడిచి పోయేంత దూరంలో ఉంది. కజుయో సెజిమా డిజైన్ చేసిన ఆ భవనం బయటనుంచి మెరిసే లోహపు ముక్కలా ఉంటుంది. లోపల నాకంత పట్టలేదు. నమూనాల ముందు పిల్లలు క్యూ కట్టారు.

తిరిగొస్తూ కికుకావా వంతెన దగ్గర ఆగాను. 1945 మార్చి 9 అర్ధరాత్రి దాటాక జరిగిన బాంబు దాడిలో ఈ తూర్పు పేటలు కాలిపోయాయి, నగరంలో లక్షమంది దాకా చనిపోయారని అంచనా. నీళ్ళలోకి దూకి బతకాలనుకున్నవాళ్ళు ఈ వంతెన చుట్టూ వేలల్లో పోయారు. ఆ దాడిలో ఎన్ని ఇళ్ళ పెట్టెలు, ఎన్ని గుడ్డలు బూడిదయ్యుంటాయో. ఈ పేటలో పాతది ఏదీ ఎందుకు లేదో ఆదివారం రాత్రి నాకు తోచలేదు, ఇవాళ తోచింది.

గురువారం

నగరానికి అటు చివర, వసేదా వైపు. టోక్యోలో మిగిలిన ట్రాములు తక్కువ. అరకావా లైన్ ట్రాములో ఒమొకగెబాషిలో దిగితే కందా నది దగ్గరే తొమితా అద్దకం కర్మాగారం వస్తుంది. 1914లో అసకుసా నుంచి ఇక్కడికి తరలొచ్చారు, మంచి నీటి కోసం. పనీ నడుస్తుంది, మ్యూజియమూ అదే. గోడ పొడవునా స్టెన్సిళ్ళు పెట్టెల్లో నిలబెట్టి ఉన్నాయి. లక్షకు పైగా ఉన్నాయట.

ఈ స్టెన్సిలే ఇక్కడి అచ్చు. కతగామి అంటారు. చేత్తో చేసిన కాగితాలు రెండు మూడు కలిపి పచ్చి పెర్సిమన్ కాయల రసంతో అంటించి, పొగపెట్టి, గట్టిపడ్డాక కత్తితో చెక్కుతారు. చెక్కేవాళ్ళ ఊరు టోక్యో కాదు, మియె రాష్ట్రంలోని సుజుకా. పెడనలో టేకు చెక్క మీద ఉలితో తొలిచి తీసేది ఇక్కడ కాగితం మీద కన్నాలుగా మారింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఒక అచ్చు మన దగ్గర అరకిలో తూగుతుంది, రోజంతా దాన్ని గుద్దితే సాయంత్రానికి భుజం పడిపోతుంది.

శుక్రవారం

నకాయ్ స్టేషన్. మ్యోషోజి నది పక్కన సన్నని వీధులు. ఒకప్పుడు ఈ ఒచియాయ్ ప్రాంతంలో అద్దకానికి సంబంధించిన ఇళ్ళు 300 దాకా ఉండేవి. రంగు పోసిన గుడ్డని నదిలోనే జాడించేవాళ్ళు. 1960లలో అది ఆగిపోయింది. ఇప్పుడు కర్మాగారం లోపలే కాంక్రీటు తొట్లలో కడుగుతారు. మాకు మాత్రం ఆ పని ఇంకా కాలవగట్టునే.

తోకాస్ ఉత్తరం పట్టుకుని ఒక చిన్న కర్మాగారానికి వెళ్ళాను. పేరు రాయొద్దన్నారు, రాయను. డెబ్భై దాటిన మేస్త్రీ, ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఒక యువతి. లోపల ఏడు మీటర్ల పలకలు, ఒక్కోటీ ఒకే చెట్టు నుంచి కోసినది. పలక మీద పట్టుబట్ట అంటించి ఉంది. ఆయన కతగామిని బట్ట మీద ఆనించి, అంచున ఉన్న సూదిమొనంత చుక్కలు కిందటిసారి చుక్కల మీద కూర్చునేలా సరిచూసి, గుండ్రటి కుంచె తీసుకున్నారు. జింక వెంట్రుకల కుంచె. రంగులో ముంచి, పక్క పళ్ళెంలో దాదాపు ఆరిపోయేదాకా రుద్ది, అప్పుడు బట్ట మీద చిన్న చిన్న వలయాలుగా తిప్పారు. తడి ఎక్కువైతే కాగితం అంచు కింద రంగు పాకుతుంది. ఒక ఆకుకి ఒక కాగితం, ఆకు నీడకి ఇంకోటి, కాడకి ఇంకోటి. ఒక్క సరసా నమూనాకి ముప్పై పైచిలుకు కతగామిలు పడతాయి. మొత్తం అయ్యాక ఆవిరి పట్టిస్తారు.

నేను పెడన నుంచి తెచ్చిన ముక్క చూపించాను. ఆయన ముందు చూసింది బొమ్మని కాదు. తిప్పి వెనకవైపు చూశారు, తర్వాత వాసన చూశారు. "పాలా?" అని అడిగారు. నాకు ఒళ్ళు జలదరించింది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేసిన గుడ్డ అది, కొవ్వు ఉంటే రంగు పాకదు. "మేం దీన్ని కాగితంతో ఆపుతాం, మీరు పాలతో ఆపుతారు" అన్నారట. యువతి ఇంగ్లీషులో చెప్పింది.

ఎరుపు గురించి అడిగితే ఇంకో సంగతి చెప్పారు. టోక్యోలో అద్దిన సరసాలో ఎరుపు పాత భారతీయ ముక్కల్లో ఉన్నంత చురుగ్గా ఉండదు, కాస్త మసకగా ఉంటుంది. ఈ నీళ్ళలో ఇనుము కలిసి రంగుని అణచిందని వాళ్ళ పెద్దలు అనేవాళ్ళట. తర్వాత అదే ఇక్కడివాళ్ళ అభిరుచి అయింది. అంటే లోపం అనుకుని దిద్దుకోలేదు, ఉన్నదాన్నే ఇష్టపడ్డారు. మన దగ్గరా చిరివేరు సాగు పోయి అలిజరిన్ అనే రసాయన రంగు వచ్చాక ఎరుపు మారింది. దాన్నే ఇప్పుడు అసలు కలంకారీ ఎరుపని అమ్ముతున్నాం.

శనివారం

నిన్నటి వీధికే మళ్ళీ. ఏటా ఫిబ్రవరి ఆఖర్లో ఇక్కడ సోమె నో కోమిచి అని చేస్తారు. నది మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అద్దకం బట్టలు వరసగా వేలాడదీస్తారు, కొట్ల గుమ్మాలకి కళాకారులు అద్దిన తెరలు కడతారు. చేపల కొట్టుకి ఒకటి, మంగలి షాపుకి ఒకటి. జనం బాగానే వచ్చారు. అందంగా ఉంది, కాదనను. అయితే ఆ నదిలో ఇప్పుడు ఒక్క బట్టా తడవదు. నిన్నటి మేస్త్రీ ఈ గుంపులో లేరు. ఆర్డరు ఉంది, పనిలో ఉన్నారట.

ఆదివారం

నిషికసాయ్‌లో భోజనం. 2000 సంవత్సరం ముందు నుంచీ వచ్చిన మన సాఫ్ట్‌వేర్ వాళ్ళతో నిండిన పేట. నన్ను పిలిచింది గుడివాడ అమ్మాయి, ఫేస్‌బుక్ పరిచయం. తలుపు తీస్తూనే "రండక్కా, చెప్పులు ఇక్కడ, లోపల వేరేవి" అంది. గోంగూర పచ్చడి, ముద్దపప్పు. చలిలో వారం రోజులు కొట్టు అన్నం ముద్దలతో గడిపిన మనిషిని, మొహమాటపడలేదు.

వాళ్ళాయన ముక్కుసూటి మనిషి. "ఏమనుకోకండి అక్కా, ఈ రిసెర్చ్ వల్ల పెడనలో అచ్చు గుద్దేవాడికి ఏం ఒరుగుతుంది?" అన్నాడు. "సూటిగా ఒరిగేదేం లేదు బాబూ" అన్నాను. నేను తీసుకెళ్ళేది ఫొటోలు, కొలతలు, ఒక మేస్త్రీ అడిగిన ప్రశ్న. వాటితో ఒక పాత నమూనా మళ్ళీ అచ్చుకెక్కితే ఆ పని ఎవరికో దొరుకుతుంది. అసలు ఇక్కడికి రావాల్సింది నేను కాదు, పెడన అచ్చులు చెక్కే మేస్త్రీ. నేను నెల రోజుల్లో చూసేది ఆయన ఒక్క పూటలో చూస్తాడు. అప్లికేషన్ ఇంగ్లీషులో రాయాలి, పోర్ట్‌ఫోలియో పెట్టాలి, "కాన్సెప్ట్" చెప్పాలి. ఆయన దగ్గర ఉన్నది అలమరా నిండా అచ్చులు. ఈ పద్ధతిలో నాకు కనబడిన పెద్ద లోటు ఇదే, ఇది టోక్యో ఒక్కదాని తప్పూ కాదు.

మంగళవారం, బుధవారం

వాన. నిప్పొరి బట్టల వీధిలో రెండు కిలోమీటర్లు నడిచినట్టుంది, రాజస్థాన్ అచ్చుల కాటన్లు బోలెడు, పెడనది ఒక్కటీ కంటపడలేదు. మిగతా సమయమంతా గదిలో గోడకి ఫొటోలు అంటించుకుంటూ గడిచిపోయింది.

మళ్ళీ శనివారం

ఓపెన్ స్టూడియో. అంటే ఇంతవరకూ ఏం వెతికామో తలుపులు తెరిచి చూపించే రోజు. పక్క గదిలో ఒక కళాకారిణి రాత్రిపూట రైలు స్టేషన్ల శబ్దాలు రికార్డు చేసింది. ఇంకొకాయన గదిలో ఒక బల్ల, దాని మీద అచ్చుతప్పుల పట్టికలు. నా గదిలో కుడిగోడకి ముక్కల ఫొటోలు, ఎడమగోడకి పెడన గుడ్డలు, మధ్య బల్ల మీద ఒక టేకు అచ్చు, ఒక పాత కతగామి. పూర్తయిన బొమ్మ ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళెవరూ అది అడగనూ లేదు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చారు. తేనీటి విద్య నేర్పుతారట. చేతిసంచిలోంచి పట్టుగుడ్డ విప్పి, అందులోంచి కూజా సంచి తీసి బల్ల మీద పెట్టారు. చాలా చిన్నది, నిమ్మకాయంత కూజాకి. ఎర్రనేల, నీలం పువ్వు, నల్లగీత ఉన్నచోట అదే చీలిక. వాళ్ళ అత్తగారి అత్తగారి నుంచి వచ్చిందన్నారు. ముట్టుకోవచ్చా అంటే తలూపారు. చేతులు కడుక్కొచ్చి, లోపలివైపు తిప్పి చూశాను. ఎరుపు వెనక్కి పూర్తిగా దిగింది. నీలం కూడా.

"ఇలాంటిది మీ ఊళ్ళో ఇప్పుడు చేయగలరా?" అని అడిగారు. బొమ్మ చేయగలరు, ఈ ఎరుపు కష్టం అన్నాను. చిరివేరు ఎవరైనా మళ్ళీ వేయాలి, తవ్వడానికి కూలీలు దొరకాలి. ఆవిడ కాసేపు ఆలోచించి, ముందు బొమ్మతో మొదలుపెట్టమన్నారు. కొలత తీసుకోనిచ్చారు. పువ్వు మొత్తం నా బొటనవేలి గోరంత.

రాత్రి పెడన మేస్త్రీకి వాట్సాప్‌లో బొమ్మ, కొలత పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్. "అమ్మాయ్, ఇంత సన్నం రేకకి టేకు నిలవదు, రాగి రేకు దిగ్గొట్టాలి. రేటు మారుద్ది, ముందే చెప్తున్నా" అన్నాడు. ఎంతవుతుందంటే లెక్క కట్టి పొద్దున చెప్తానన్నాడు.